ఉప్పల్ నుంచి ములుగు దాకా... గాలితో బేరం

హైదరాబాద్‌లో జవహర్‌నగర్ అని చెప్పి ఆటో ఎక్కితే ఎక్కడ దింపుతారో చెప్పలేం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఒకటుంది. డంపింగ్ యార్డు పేరుతో తరచూ పేపర్లకెక్కేది ఇంకొకటి. మాది ఆ రెండూ కాదు. ఉప్పల్, నాచారం వైపున్న జవహర్‌నగర్. నాచారం అంటే పారిశ్రామికవాడ, ఈఎస్‌ఐ ఆసుపత్రి, ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియోస్. ఉప్పల్ అంటే క్రికెట్ స్టేడియం, మెట్రో, వరంగల్ బస్సు కోసం బ్యాగులతో రోడ్డు పక్కన నిలబడే జనం. ఈ రెంటి నడుమ మా బతుకులు.

ఇక్కడి ట్రాఫిక్ గురించి ఎంత తిట్టుకున్నా, బైకు మీద ఊళ్లు తిరిగేవాళ్లకు మాత్రం ఒక సుఖం ఉంది. 163వ నంబరు జాతీయ రహదారి, అంటే మనందరి వరంగల్ హైవే, మా వీధి చివరే మొదలైనట్టు ఉంటుంది. గచ్చిబౌలిలో ఉండే మా ఆఫీసువాళ్లు యాదగిరిగుట్టకో, రామప్పకో బైకుల మీద రావాలంటే ముందు సిటీ మొత్తం దాటాలి. ఔటర్ మీద చుట్టి వద్దామంటే 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు. మేమైతే టీ తాగి హెల్మెట్ పెట్టుకుంటే చాలు, తూర్పు దారి పట్టినట్టే.

ఆ దారిలో నెలకోసారి నేనూ నాన్నా ములుగు వైపు వెళ్తాం. అక్కడికి దగ్గర్లోని ఊళ్లో మాకు రెండెకరాల పొలం ఉంది. నాన్న నాచారంలోని ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. కౌలుకిచ్చిన పొలం చూసి రావడం అనేది పేరుకే. ఊళ్లో అందర్నీ పలకరించి రావడమే అసలు పని. ఆయనకిప్పుడు అరవై మూడు. మెడనొప్పి ఉంది. "మంచిగ బస్సుల పోరాదుండ్రి" అని అమ్మ అంటుంది. "బస్సు నేను చెప్పిన కాడ ఆగుతదా?" అని నాన్న జవాబు.

కిందటేడు డాక్టరుగారు ఈ వాదనకు ముగింపు పలికేలా ఒక మాట చెప్పారు. బైకు మీద గాలి తోస్తుంటే, పడిపోకుండా ఉండటానికి వెనక కూర్చున్నవాళ్లు తెలియకుండానే మెడనీ భుజాల్నీ బిగబట్టుకుంటారట. గంటల తరబడి అలా బిగబడితే నొప్పి పెరగక ఏమవుతుంది? "ఆ గాలి తగ్గించుకోండి, లేకపోతే బైకు ప్రయాణం మానేయండి" అన్నారు. కొత్త బైకు కొనాలన్నది అప్పటిదాకా నా ఒక్కడి కోరిక. ఆ రోజు నుంచి అది ఇంటి సమస్య అయింది. ఏ బైకు అన్న ప్రశ్న పోయి, గాలికి ఏ రకం అడ్డం ఉన్న బైకు అన్న ప్రశ్న వచ్చింది.

డూమ్, కిట్టు, అద్దం

మెకానిక్ షాపుకెళ్లి ఫెయిరింగ్ అంటే ఒక్క క్షణం ఆలోచిస్తారు. డూమ్ అంటే చటుక్కున అర్థమవుతుంది. హెడ్‌లైట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు అది. దాని మీద అద్దంలా నిలబడేది వైజర్, కాస్త పెద్దదైతే విండ్‌స్క్రీన్. ఆ తొడుగు పెట్రోల్ ట్యాంకు పక్కల దాకా వచ్చి ఆగిపోతే హాఫ్ ఫెయిరింగ్. ఇంజిన్‌ను కూడా కప్పుతూ కిందిదాకా దిగితే ఫుల్ ఫెయిరింగ్. ఏ తొడుగూ లేకుండా అంతా బయటికి కనిపిస్తుంటే నేకెడ్ బైకు. పేరు ఏదైనా, తొడుగులన్నీ చేసే పని ఒక్కటే. ఎదురుగా వచ్చే గాలిని మన ఒంటికి తగలకుండా పక్కలకో, పైకో మళ్లించడం.

ఇదేదో కొత్త సంగతి అనుకోకండి. మన నాన్నల తరం స్కూటర్లు గుర్తు తెచ్చుకోండి. బజాజ్ చేతక్ కానీ, మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ చేసిన పుష్పక్ కానీ, కాళ్లకు అడ్డంగా పెద్ద రేకు ఉండేది. మోకాళ్లకు అదే ఫెయిరింగ్. కొందరు హ్యాండిల్‌కు ఒక పారదర్శకమైన అద్దం కూడా బిగించుకునేవాళ్లు. అది కూడా లేనివాళ్లు చలికాలం తెల్లవారుజామున డ్యూటీకి వెళ్తూ చొక్కా లోపల న్యూస్‌పేపర్ మడిచి పెట్టుకునేవాళ్లు. నాన్న ఇప్పటికీ ఆ పద్ధతే గొప్పదంటాడు.

బైకుల విషయానికొస్తే, 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా మన కుర్రకారుకు హాఫ్ ఫెయిరింగ్‌ను పరిచయం చేసింది. 2007లో పల్సర్ 220 అదే దారిలో వచ్చింది. 2008లో యమహా ఆర్15 ఫుల్ ఫెయిరింగ్‌తో దిగేసరికి ఇంజినీరింగ్ కాలేజీల పార్కింగ్ స్థలాల రూపమే మారిపోయింది. మరుసటి ఏడాది కరిజ్మా కూడా జడ్‌ఎంఆర్ పేరుతో కిందిదాకా తొడుగు వేసుకుంది. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఇంకో దారి చూపింది. ఒళ్లంతా కప్పకుండా, ముందు ఒక నిటారు అద్దం మాత్రం పెట్టింది. 2021లో బజాజ్ వాళ్లు డోమినార్ 400కి ఫ్యాక్టరీలోనే పొడవాటి వైజర్, చేతులకు గార్డులు బిగించి అమ్మడం మొదలుపెట్టారు. దూరప్రయాణం చేసేవాళ్లకు కావలసింది రేసు బైకు రూపం కాదని కంపెనీలకు అర్థమైనట్టే ఉంది.

80 దగ్గర లెక్క

గాలి గురించి ఒక్క లెక్క చెబుతాను, భయపడకండి. గాలి తోపుడు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లు. తొడుగు లేని బైకు మీద నిటారుగా కూర్చున్న మనిషికి లెక్కేస్తే, బండికీ మనిషికీ కలిపి 40 కిలోమీటర్ల వేగంలో నాలుగున్నర కిలోల తోపుడు. 80లో 18 కిలోలు. 100లో 28 కిలోలు. 120 దగ్గరైతే 40 కిలోలు దాటుతుంది. ఇవి సుమారు అంకెలే. మనిషి లావునుబట్టి, కూర్చునే తీరునుబట్టి మారుతుంటాయి. కానీ వరస మాత్రం ఇదే.

ఇక చలి సంగతి. 10 డిగ్రీల చలిలో 80 వేగంతో వెళ్తే, కప్పుకోని చర్మానికి అది 4 డిగ్రీల చలిలా తోస్తుంది. డిసెంబరులో తెల్లవారుజామున బీబీనగర్ చెరువు పక్కగా వెళ్లినవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు.

ఇక్కడే మనం ఒక సంగతి గమనించాలి. యూట్యూబ్‌లో మనం చూసే విదేశీ రివ్యూల్లో చాలావరకు 120, 140 వేగాల గురించి మాట్లాడతాయి. పెద్ద ఫుల్ ఫెయిరింగ్ పుట్టింది కూడా అలాంటి రోడ్ల కోసమే. బీఎండబ్ల్యూ వాళ్లు 1973లో ఆర్90ఎస్ మీద చిన్న డూమ్ పెట్టారు. 1976లో ఆర్100ఆర్‌ఎస్‌కు విండ్ టన్నెల్‌లో పరీక్షించి మరీ నిండు తొడుగు తయారుచేశారు. జర్మనీ ఆటోబాన్‌ల మీద గంటల తరబడి వేగంగా పోవడానికి అది అవసరం. మన దగ్గర 2018లో కేంద్రం ప్రకటించిన పరిమితుల ప్రకారం, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద బైకుకు గరిష్ఠ వేగం 80. కాబట్టి మనం అడగాల్సింది 80 దగ్గర ఏ తొడుగు పనిచేస్తుందన్నదే. 130 దగ్గర గొప్పగా ఉండేది మనకు బరువు కావొచ్చు.

ఈ లెక్కతో మూడు నెలల్లో మూడు రకాల బైకుల మీద అదే దారిలో వెళ్లొచ్చాం. మొదటిది నా పాత నేకెడ్ బైకు. రెండోది మా బావది, ఫుల్ ఫెయిరింగ్. మూడోది ఒక ఫ్రెండ్‌ది, పొడవాటి అద్దం ఉన్న హాఫ్ ఫెయిరింగ్. కంపెనీల పేర్లు చెప్పను. ఇక్కడ రకమే ముఖ్యం.

ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్: గాలి లేని చోట

ఉప్పల్ రింగ్‌రోడ్ దాటగానే హైవే అని సంబరపడతాం కానీ, బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి దాకా అది మన వీధి రోడ్డులాగే ఉంటుంది. ఉప్పల్ నుంచి నారపల్లికి ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగుతూ వచ్చింది. స్తంభాల పక్కన దుమ్ము, గుంతలు, మధ్యలో ఆటోలు. ఇక్కడ వేగం 20, 30. ఈ వేగంలో ఫెయిరింగ్ గాలిని ఆపడానికి ఏమీ లేదు. దాని మిగతా గుణాలే బయటపడతాయి.

ఫుల్ ఫెయిరింగ్ ఇంజిన్‌ను కప్పేస్తుంది కాబట్టి, లోపలి వేడి బయటికి పోవడానికి కొన్ని సందులే ఉంటాయి. బండి కదులుతుంటే ఆ వేడి వెనక్కి కొట్టుకుపోతుంది. ఆగితే రేడియేటర్ ఫ్యాన్ తిరిగి వేడిగాలి నేరుగా మోకాళ్ల కిందికి వస్తుంది. మే నెలలో ఎండ 40 దాటిన మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేకెడ్ బైకులో కూడా వేడి ఉంటుంది, కానీ నాలుగు వైపులా పోతుంది.

రెండోది, మలుపు. రేసు బైకు పద్ధతిలో చేసిన ఫుల్ ఫెయిరింగ్ బండ్లలో హ్యాండిల్ కిందికి ఉంటుంది. ఎక్కువ తిప్పితే తొడుగుకు తగులుతుంది కాబట్టి కొంత వరకే తిరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద ఇది తెలియదు. బోడుప్పల్‌లో ఆటో అడ్డమొచ్చి సందులో బండి తిప్పాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. వెనక నాన్న ఉన్నప్పుడు రెండు కాళ్లూ కింద పెట్టి బండిని ముందుకూ వెనక్కూ నెట్టుకోవాలి.

మూడోది, ఖర్చు. పార్కింగ్‌లో స్టాండ్ మీది నుంచి బండి పక్కకు ఒరిగితే నేకెడ్ బైకుకు క్లచ్ లీవరో, అద్దమో పోతుంది. ఫుల్ ఫెయిరింగ్ అయితే ప్యానెల్‌ను పట్టుకుని ఉండే చిన్న చిన్న లాక్‌లు విరుగుతాయి. లాక్ విరిగితే ప్యానెల్ వణుకుతుంది, మొత్తం ప్యానెల్ మార్చమంటారు. మామూలు సర్వీసుకు కూడా ముందు తొడుగులు విప్పాలి, మళ్లీ బిగించాలి. మా మెకానిక్ అన్న చెప్పినట్టు, "పని పది నిమిషాలే, డూమ్ ఇప్పుడు బిగించుడే అరగంట."

ఘట్‌కేసర్ నుంచి జనగామ: అసలు గాలి

పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్, అన్నోజిగూడ దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ కింద నుంచి బయటపడ్డాక రోడ్డు విప్పారుతుంది. బీబీనగర్ ఎయిమ్స్, గూడూరు టోల్‌ప్లాజా (బైకులకు టోల్ లేదు), ఆ తర్వాత దూరం నుంచే కనిపించే భువనగిరి కోట. ఒకే రాతి గుట్ట మీద చాళుక్యుల నాటి కోట. రాయగిరి దగ్గర యాదగిరిగుట్టకు వెళ్లేవాళ్లు పక్కకు మళ్లుతారు. ఆలేరు, పెంబర్తి, జనగామ వరకు రెండువైపులా పొలాలే. గాలికి అడ్డం చెప్పే బిల్డింగులు లేవు.

ఇక్కడ నేకెడ్ బైకు మీద 80లో వెళ్తే ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి వెనక్కి తోస్తున్నట్టు ఉంటుంది. చేతులతో హ్యాండిల్ పట్టుకుని ఆ బరువంతా మొయ్యాలి. కానీ ఒక మంచి కూడా ఉంది. ఆ గాలి నిలకడగా ఉంటుంది. సమానంగా తోస్తుంది.

చిన్న వైజర్లతో వచ్చే చిక్కు వేరు. వైజర్ అంచు దగ్గర గాలి చీలి సుడులు తిరుగుతుంది. ఆ సుడులు తగిలే చోటు ఛాతీ అయితే ఫరవాలేదు. సరిగ్గా హెల్మెట్‌కు తగిలితే తల అటూ ఇటూ ఊగిపోతుంది, చెవుల్లో హోరు. అందుకే కొందరికి అద్దం పెట్టించుకున్నాక హాయి కాకుండా తలనొప్పి వస్తుంది. అద్దం లేకుండా వచ్చే నిలకడ గాలి కంటే, పొట్టి అద్దం మీంచి వచ్చే సుడిగాలి అన్యాయం. ఇది మనిషి ఎత్తును బట్టి మారుతుంది. అదే బైకు మీద ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి బాగున్నది, ఆరడుగుల మనిషికి నరకం కావొచ్చు. రెండు మూడు సెంటీమీటర్ల తేడా చాలు.

ఇంకొకటి, లారీలూ బస్సులూ. సూపర్ లగ్జరీ బస్సు మనల్ని కుడిపక్క నుంచి దాటుతోందనుకోండి. దాని ముక్కు చీల్చుకొచ్చే గాలి ముందు మనల్ని ఎడమకు నెడుతుంది. బస్సు దాటిపోగానే వెనక ఏర్పడే ఖాళీ మనల్ని కుడికి లాగుతుంది. మనం లారీని దాటేటప్పుడు ఇంకోలా ఉంటుంది. దాని వెనక ఉన్నంతసేపు ప్రశాంతం. దాని ముక్కు దాటగానే ఒక్కసారి దెబ్బ. ఇలాంటప్పుడు తొడుగు దేనికి బిగించి ఉందన్నది ముఖ్యం. కొన్ని అద్దాలు హ్యాండిల్‌కో, ముందు ఫోర్కులకో బిగించి ఉంటాయి. అవి హ్యాండిల్‌తో పాటు తిరుగుతాయి. పక్కగాలి ఆ అద్దాన్ని తోస్తే హ్యాండిలే కదులుతుంది. ఛాసీకి బిగించిన తొడుగైతే తోపుడు బండి మొత్తం మీద పడుతుంది, హ్యాండిల్ తేలిగ్గా మన చేతిలోనే ఉంటుంది. విడిగా కొని హ్యాండిల్‌కు బిగించుకునే పెద్ద అద్దాల దగ్గర ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పక్కగాలిని చిన్నచూపు చూడకూడదనడానికి రేసుల చరిత్రే సాక్ష్యం. 1950ల్లో గ్రాండ్‌ప్రి రేసు బైకులకు ముందు చక్రాన్ని కూడా మింగేసే పెద్ద తొడుగులు వేసేవాళ్లు. డస్ట్‌బిన్ ఫెయిరింగ్ అని ముద్దుపేరు. ఎదురుగాలిలో అవి బాణంలా దూసుకుపోయేవి. పక్కగాలి కొడితే మాత్రం తెరచాపలా మారిపోయేవి. 1958 సీజన్ నుంచి వాటిని నిషేధించారు.

నాన్న అరచెయ్యి

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి మొదట్లో అంకెలు రాసుకోవాలని చూశాను. నాన్న నవ్వాడు. "నువ్వు ముందట కూసుంటవ్, నీకేం తెలుస్తది? ఎనక కూసున్నోణ్ని అడుగు" అన్నాడు. ఆయన పరీక్ష సులభం. రోడ్డు ఖాళీగా ఉన్నచోట, బండి నిలకడగా 70 దగ్గర ఉన్నప్పుడు, ఒక చేత్తో వెనక గ్రాబ్‌రెయిల్ గట్టిగా పట్టుకుని, రెండో అరచెయ్యి నా భుజం దగ్గర నుంచి మెల్లగా పైకి లేపేవాడు. గాలి ఎక్కడ మొదలైతే అక్కడ నా వీపు మీద తట్టేవాడు.

నేకెడ్ బైకు మీద చెయ్యి నా భుజం దాటీ దాటకముందే తట్టాడు. అది అనుకున్నదే.

ఫుల్ ఫెయిరింగ్ దగ్గరే ఆశ్చర్యం. నా నడుముకూ మోకాళ్లకూ గాలి దాదాపు లేదు. చలి నెలలో అది ఎంత హాయో మాటల్లో చెప్పలేను. కానీ ఆ అద్దం ముందుకు వంగి కూర్చునే మనిషి కోసం చేసింది. నిటారుగా కూర్చున్న నాకే హెల్మెట్‌కు గాలి తగులుతోంది. వెనక సీటు నా సీటు కంటే జానెడు ఎత్తు. అంటే నాన్న ముఖం, మెడ, భుజాలు పూర్తిగా గాలిలో ఉన్నట్టే. పైగా ఆ సీటు ఎక్కడమే ఒక యోగాసనం. ఎక్కాక కాళ్లు మడిచి పైకి పెట్టుకోవాలి. కాజీపేట వచ్చేసరికి రెండుసార్లు ఆపమన్నాడు. దిగి మెడ పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అనలేదు. బావ బండి కదా, మర్యాద.

మూడోసారి, పొడవాటి అద్దం ఉన్న హాఫ్ ఫెయిరింగ్. ఛాసీకి బిగించినది. అద్దం పై అంచు నా ముక్కు ఎత్తులో ఉంది. అద్దంలోంచి కాదు, అద్దం మీదుగా రోడ్డు కనిపించాలి. వానలోనో, పురుగులు కొట్టిన అద్దంతో రాత్రిపూటో ప్రయాణం చేస్తే ఎందుకో తెలుస్తుంది. అద్దం అడుగున చిన్న సందు వదిలారు. కింద నుంచి కాస్త గాలి లోపలికి రావడం వల్ల అద్దం వెనక ఖాళీ ఏర్పడి గాలి లాగడం తగ్గుతుంది. సీటు దాదాపు సమతలం కాబట్టి నాన్న నా వెనక దాగినట్టే ఉన్నాడు. ఆయన చెయ్యి నా హెల్మెట్ పై అంచు దాకా వెళ్లాకే తట్టాడు. వెనక డబ్బాకు ఆనుకునే మెత్త ఉండటంతో వీపుకు ఆసరా కూడా దొరికింది. ఆసరా ఉంటే మెడ బిగబట్టాల్సిన పని సగం తగ్గుతుంది.

ఆ రోజు పెంబర్తిలో ఆగాం. అది నొప్పి వల్ల కాదు, టీ కోసం. ఇత్తడి, కంచు పనికి పేరుపడ్డ ఊరది. కొట్టు ముందు నిలబడి నాన్న ఎవరితోనో మాట్లాడుతూ తల అటూ ఇటూ తిప్పడం చూశాను. నాకు కావలసిన అంకె అదే.

కానీ ఒక్క మాట చెప్పాలి. ఖాళీ రోడ్డు దొరికిందని ఒకచోట 80 దాటించగానే ఆ ప్రశాంతత పోయింది. సుడులు మొదలై నాన్న వెంటనే వీపు మీద తట్టాడు. గాలి లెక్క అంతే. ఎంత మంచి అద్దమైనా ఒక వేగం దాకే. మా నాన్న మెడకు ఆ వేగం 75.

ములుగు దారిలో

హన్మకొండ దాటి ఆత్మకూరు మీదుగా ములుగు వైపు వెళ్తుంటే చెట్లు మొదలవుతాయి. గాలి తగ్గుతుంది. ఊరి రోడ్లలోకి దిగాక మళ్లీ 30, 40. గతుకుల మీద ఫెయిరింగ్ తన వయసు చెప్పుకుంటుంది. ఎన్ని ప్యానెళ్లుంటే అన్ని బోల్టులు, అన్ని రబ్బరు వాషర్లు, అంత గలగల. మట్టి దారిలో నా పాత నేకెడ్ బైకే హాయిగా అనిపించింది. హాఫ్ ఫెయిరింగ్ కూడా ఇబ్బంది పెట్టలేదు.

పొలం పని అయ్యాక రామప్పకు వెళ్లాం. 1213లో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారన్న సంగతి మనందరికీ తెలుసు. నేను ఈసారి శిఖరం వైపు చూస్తూ బండి గురించే ఆలోచించాను. పైన బరువు పెరిగితే కింద భారం. వెనక డబ్బా, దాని మీద సామాను, ముందు పెద్ద తొడుగు... అవసరానికి మించి ఏది పెట్టినా మలుపులో నాన్న బరువుతో కలిపి నేనే మొయ్యాలి. నాన్న మాత్రం నంది దగ్గర కూర్చుని పక్కూరివాళ్లతో కౌలు రేట్లు మాట్లాడుతున్నాడు.

మీరు కొనేముందు

మీ దారి వేరు, మీ వెనక కూర్చునే మనిషి వేరు. అయినా మాకు పనికొచ్చిన నాలుగు మాటలు చెబుతాను.

ఎక్కువగా సిటీలో తిరిగి, ఏడాదికి రెండుసార్లు ఊరెళ్లేవాళ్లకు నేకెడ్ బైకు, దానిమీద చిన్న వైజర్ చాలు. ఒంటరిగా, చలిలో, వానలో, నున్నటి హైవేల మీద ఎక్కువ దూరాలు పోయేవాళ్లకు ఫుల్ ఫెయిరింగ్ ఇచ్చే సుఖం వేరు. కానీ హ్యాండిల్ ఎత్తుగా, వెనక సీటు తక్కువ ఎత్తులో ఉన్నది చూసుకోండి. వెనక పెద్దవాళ్లో, భార్యో కూర్చుని హైవే మీద రెండు మూడు గంటలు వెళ్లాల్సి ఉంటే, ఛాసీకి బిగించిన హాఫ్ ఫెయిరింగ్, ఎత్తు సర్దుకోగల అద్దం, సమతలమైన సీటు వెతకండి.

టెస్ట్‌డ్రైవ్ అంటే షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ కాదు. వెనక కూర్చునే మనిషినే తీసుకెళ్లండి. మీ హెల్మెట్లే పెట్టుకోండి. 80 దాకా వెళ్లగలిగే రోడ్డు అడగండి. దిగాక ముందు వాళ్లను మాట్లాడనివ్వండి.

కోఠి, పుత్లీబౌలి వైపు షాపుల్లో రకరకాల అద్దాలు, తొడుగులు దొరుకుతాయి. చవకగా ఉన్నాయని బండి రూపమంతా మార్చేయకండి. కంపెనీ రిజిస్టర్ చేయించిన స్వరూపాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఆ మోడల్ కోసం కంపెనీయే అమ్మే అద్దం ఉంటే అదే మేలు. నల్ల రంగు అద్దం ఫొటోలో బాగుంటుంది, రాత్రి పనికిరాదు. దుమ్ము పట్టిన అద్దాన్ని పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీళ్లు చల్లి దుమ్ము నాననివ్వాలి.

ఇంజినీరింగ్ రోజుల నుంచి నాకు ఎర్రటి ఫుల్ ఫెయిరింగ్ బైకు అంటే ప్రాణం. కొనగలిగే జీతం వచ్చాక షోరూమ్‌కు రెండుసార్లు వెళ్లి దానిమీద కూర్చుని వచ్చాను కూడా. బుక్ చేసింది మాత్రం పొడవాటి అద్దం ఉన్న హాఫ్ ఫెయిరింగ్ బండినే. చూడ్డానికి కొంచెం పాలవాడి బండిలా ఉందని చెల్లెలు అంది. అమ్మ దాని వెనక డబ్బాలో ఎన్ని బియ్యం పడతాయని అడిగింది.

బండి వచ్చి రెండు నెలలైంది. రెండుసార్లు ఊరెళ్లొచ్చాం. నాన్న నొప్పి పూర్తిగా పోలేదు, పోదు కూడా. బస్సు మాట మాత్రం ఇంట్లో మళ్లీ రాలేదు. ఇక చూడాల్సింది వానాకాలమే. నాట్లు పడే వేళకు వెళ్లాలి. మొన్న ఆదివారం బండి కడుగుతుంటే నాన్న వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఇది ఇంక రెండు వేళ్లంత పైకి రాదా?" అన్నాడు. స్పానర్ కోసం లోపలికి వెళ్లాను.